తాగుబోతుల సంగీతమా?

మన సంఘం సభలలో ఒక మాట తరచు వినబడుతూ ఉంటుంది. ఈ దేశంలో డబ్బుంది, రోడ్లున్నాయి, ఆస్పత్రులున్నాయి, సంస్కృతి మాత్రం లేదు, దానిని మనమే వెంట తెచ్చుకున్నాం అని. వేదిక మీద ఎవరు ఈ మాట అన్నా చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్లకు అడ్డు తగలడానికే ఈ వ్యాసం రాస్తున్నాం. కొందరికి కోపం రావచ్చు. వస్తే రానివ్వండి. కోపం వచ్చినవారు చివరిదాకా చదువుతారని మా ఆశ.

సందర్భం చెప్పాలి. ఈ మధ్య ఉగాది కార్యక్రమాల పట్టిక తయారవుతున్నప్పుడు, స్కూలు బ్యాండులో సాక్సఫోను నేర్చుకుంటున్న మన పిల్లలు ముగ్గురు ముందుకొచ్చి, పది నిమిషాలిస్తే జాజ్ వాయిస్తామన్నారు. పెద్దలు వద్దన్నారు. ఎవరన్నారన్నది ముఖ్యం కాదు. ఏ కారణాలు చెప్పారన్నది ముఖ్యం. అవి మూడు. ఒకటి, అది తాగుబోతుల, మత్తుమందుగాళ్ళ సంగీతం, కుటుంబాలు కూర్చునే చోట పనికిరాదు. రెండు, అందులో శాస్త్రం లేదు, ఎవరికి తోచింది వాళ్ళు ఊదుకుంటూ పోవడమే. మూడు, ఒకవేళ అందులో ఏమన్నా ఉంటే అది మన మనోధర్మ సంగీతమే, అసలు మన దగ్గర ఉండగా నకలు ఎందుకు?

రెండో కారణం చెప్పినవారే మూడో కారణమూ చెప్పారని గమనించండి. శాస్త్రమే లేని గోల అయితే అది మన శాస్త్రానికి నకలు ఎలా అయిందో వారే సెలవివ్వాలి. నాలుగో కారణం కూడా ఒకటుంది. దానిని పైకి ఎవరూ అనలేదు. దాని సంగతి చివర చెబుతాం.

అదే ఉగాది సభలో సినిమా పాటలకు గంటన్నర కేటాయించారు. మాకు అభ్యంతరం లేదు, మేమూ చప్పట్లు కొట్టాం. కాని ఆ పాటల వెనక ఆర్కెస్ట్రాలో సాక్సఫోన్లూ ట్రంపెట్లూ ఉన్నాయనీ, బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలలో వాటిని వాయించినవారిలో గోవా నుంచి వచ్చిన జాజ్ వాద్యగాళ్ళు ఎందరో ఉన్నారనీ ఎవరికీ గుర్తు రాలేదు. పోనీ వాయిద్యం విదేశీయమని అభ్యంతరమా? కద్రి గోపాల్‌నాథ్ గారు అదే సాక్సఫోను మీద కర్ణాటక సంగీతం వాయిస్తే మనవాళ్ళు పరవశించిపోయారు. 2004లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కనుక వాయిద్యానికి మైల లేదు. మైల ఎక్కడ ఉందని మనవాళ్ళు అనుకుంటున్నారో వెతకాలి.

వాదన గాలిలో చేయడం మాకిష్టం లేదు. కాబట్టి ఒకే ఒక్క రికార్డును ముందు పెట్టుకుని మాట్లాడదాం. దాని పేరు ‘సోల్ స్టేషన్’. బ్లూ నోట్ కంపెనీ రికార్డు. టెనర్ సాక్సఫోను హాంక్ మోబ్లీ, పియానో వింటన్ కెల్లీ, బేస్ పాల్ ఛేంబర్స్, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. నలుగురే మనుషులు. ఆరు పాటలు. మొత్తం ముప్ఫై ఏడు నిమిషాలు. మన సభలలో జ్యోతి ప్రజ్వలనకూ, అధ్యక్షుల తొలిపలుకులకూ పట్టే కాలం కంటే తక్కువే.

దీనిని రికార్డు చేసినది ఏ దూరదేశంలోనో కాదు. మనం కాపురముంటున్న న్యూ జెర్సీలోనే, హడ్సన్ నది ఒడ్డున ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో. ఈ వాన్ గెల్డర్ వృత్తిరీత్యా ఆప్టోమెట్రిస్టు. పగలు జనానికి కళ్ళద్దాలు రాసిచ్చి, సాయంత్రాలు హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో మైకులు పెట్టి రికార్డింగులు చేసేవాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్న తరువాతనే కళ్ళద్దాల పని మానేశాడు. బ్లూ నోట్ కంపెనీ పెట్టినవారిలో ముఖ్యుడు ఆల్ఫ్రెడ్ లయన్. బెర్లిన్ నుంచి వలస వచ్చిన యూదుడు. 1939లో కంపెనీ మొదలైంది. అదే సంవత్సరం హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన అతని చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ అందులో చేరాడు. జర్మన్ యాస వదలని ఈ ఇద్దరు వలసదారులు, ఈ దేశపు నల్లజాతి వాద్యగాళ్ళ సంగీతం విని, ఇది గొప్పదని గుర్తుపట్టి, రికార్డింగుకు ముందు రిహార్సళ్ళకు కూడా డబ్బిచ్చి మరీ వాయింపించారు. ఈ దేశంలో సంస్కృతి లేదని వారు అనుకోలేదు. వారూ మనలాగే ఓడ దిగినవారే. అయితే వారు చెవులు తెరుచుకుని దిగారు.

ఇక మొదటి ఆరోపణ.

నిజం దాచం. హాంక్ మోబ్లీ హెరాయిన్‌కు అలవాటు పడ్డాడు. ఆ నేరం మీద జైలుకు కూడా వెళ్ళాడు. పాల్ ఛేంబర్స్‌కు తాగుడూ ఉంది, హెరాయినూ ఉంది. ఆ తరం జాజ్ వాద్యగాళ్ళలో ఈ జబ్బు బాగా వ్యాపించింది. జబ్బు అన్నాం. కావాలనే అన్నాం. ఇది చదువుతున్నవారిలో సగం మంది వైద్యులే కదా, మన వృత్తి భాషలోనే మాట్లాడుకుందాం.

1914లో ఈ దేశంలో హారిసన్ చట్టం వచ్చింది. 1919లో సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ, మత్తుమందుకు అలవాటుపడినవాడికి ఆ అలవాటు సాగించుకోవడం కోసం వైద్యుడు మందు రాసిస్తే అది వైద్యం కాదని తీర్పు చెప్పింది. దరిమిలా ఎందరో వైద్యుల మీద కేసులు పెట్టారు. దానితో వైద్యులు ఆ రోగులను ముట్టుకోవడం మానేశారు. రోగి వైద్యుడి చేతిలోంచి పోలీసు చేతిలోకి పోయాడు. న్యూయార్కులో మద్యం అమ్మే క్లబ్బులో పనిచేయాలంటే పోలీసు శాఖ ఇచ్చే కేబరే కార్డు ఉండాలి. మత్తుమందు కేసులో ఇరుక్కున్నవాడికి ఆ కార్డు పోతుంది. అనగా వాడి అన్నం పోతుంది. తెలోనియస్ మంక్ వంటి మహా విద్వాంసుడు ఆ కార్డు లేక ఆరేళ్ళు న్యూయార్కు క్లబ్బులలో వాయించలేకపోయాడు. ఆ పద్ధతిని రద్దు చేసినది 1967లో. మెథడోన్‌తో ఈ రోగులను నిలబెట్టవచ్చునని డోల్, నైస్వాండర్ అనే న్యూయార్కు వైద్యులు ప్రకటించినది 1965లో. ‘సోల్ స్టేషన్’ నాటికి వీటిలో ఏదీ లేదు. రోగికి మందు లేదు, ఉద్యోగం లేదు, జైలు మాత్రం ఉంది. ఆ స్థితిలో ఉన్న మనిషి ఒక్క రోజులో ఇంత నిర్మలమైన సంగీతం వాయించాడంటే మనం అడగవలసిన ప్రశ్న “ఎంత చెడ్డవాడు?” అని కాదు.

ఇంకొక మాట. 1996లో ఆక్సీకాంటిన్ బిళ్ళలు మార్కెట్టుకు వచ్చాయి. ఆ తరువాత ఈ దేశంలో చిన్న ఊళ్ళలోనూ, పచ్చిక బయళ్ళున్న శివారు కాలనీలలోనూ తెల్లవారి పిల్లలు ఏమయ్యారో మనకు తెలుసు. ఆ చీటీలు రాసినవారు జాజ్ వాద్యగాళ్ళు కారు. వైద్య పట్టా ఉన్నవారు. అప్పుడు పత్రికలన్నీ ఏకకంఠంతో ఇది నేరం కాదు, రోగం అన్నాయి. సరిగ్గానే అన్నాయి. మరి 1960లో నల్లవాడి నరంలో అదే కోవ మందు పోతే అది రోగం కాకుండా గుణమెలా అయింది? వైద్య పాఠ్యపుస్తకం చర్మం రంగును బట్టి మారుతుందా?

పోనీ నీతి సంగతే తీసుకోండి. మన పద్యనాటక రంగంలో తాగుడుకు బలైన నటులు లేరా? వారి పద్యాలకు మన తాతలు వన్స్ మోర్‌లు కొట్టలేదా? మన విందులలో ఆడవాళ్ళూ పిల్లలూ పైన, సీసాలు కింద బేస్‌మెంటులో ఉండడం లేదా? తాగినవాడి చేతి సంగీతం ముట్టుకోకూడదంటే ముందు మన ఇళ్ళలో పాటల పెట్టెలు ఖాళీ చేయాలి.

ఆ నలుగురూ ఎలా పోయారో చూడండి. పాల్ ఛేంబర్స్ 1969 జనవరిలో క్షయతో చనిపోయాడు. వయస్సు 33. క్షయతో! స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనిపెట్టినది ఈ న్యూ జెర్సీ రాష్ట్రంలోనే, రట్గర్స్‌లోనే. ఐసోనియాజిడ్ 1952 నుంచి వాడుకలో ఉంది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన సంవత్సరంలో, ప్రపంచంలోకెల్లా మంచి బేస్ వాద్యగాళ్ళలో ఒకడు ఈ దేశంలో క్షయతో పోయాడు. వింటన్ కెల్లీ జమైకా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ. 1971లో టొరాంటోలో మూర్ఛ వచ్చి చనిపోయాడు. వయస్సు 39. హాంక్ మోబ్లీకి ఊపిరితిత్తులు చెడి, 1970ల మధ్యలోనే వాయించడం ఆగిపోయింది. కొంతకాలం ఇల్లు కూడా లేదు. 1986 మేలో ఫిలడెల్ఫియాలో న్యుమోనియాతో పోయాడు. వయస్సు 55. ఆర్ట్ బ్లేకీ ఒక్కడే డెబ్బై దాటి, 1990లో పోయాడు. క్షయ, మూర్ఛ, న్యుమోనియా. ఈ మూడింటికీ మందులున్నాయి. ఇది చదివి వారి నడవడి గురించి తీర్పు చెప్పబుద్ధి అయ్యేవాడు ఏ కళాశాలలో వైద్యం చదివాడో మాకు తెలియదు.

రెండో ఆరోపణ శాస్త్రం లేదని.

ఇది వినికిడి లోపం. ‘సోల్ స్టేషన్’లో మొదటి పాట ‘రిమెంబర్’. రాసినవాడు ఇర్వింగ్ బెర్లిన్, రష్యా నుంచి అయిదేళ్ళ వయస్సులో వచ్చిన మరొక వలసదారు. 1925లో అతడు రాసినప్పుడు అది మూడు దెబ్బల వాల్ట్జ్. మోబ్లీ దానిని నాలుగు దెబ్బల నడకలోకి మార్చాడు. మార్చిన తరువాత ఆ పాట అలాగే పుట్టిందేమో అనిపిస్తుంది. మొదట పాటను ఉన్నదున్నట్టుగా వినిపిస్తాడు. అది పూర్తయ్యాక, అదే పొడవు, అదే వరుసలో నడిచే స్వర సముదాయాల మీద కొత్త పాట అప్పటికప్పుడు కల్పిస్తాడు. పాటకు ఇన్ని బార్లని లెక్క ఉంటుంది. బ్లూస్ అయితే తరచు 12 బార్లు, పాట అయితే తరచు 32. ప్రతి బారులోనో, రెండు బార్లకొకసారో కింద స్వర సముదాయం మారిపోతుంది. పైన వాయించేవాడు ఆ మార్పుకు తగిన స్వరాన్ని ఆ క్షణానికి అందించాలి. అర దెబ్బ ఆలస్యమైతే తప్పు బయటపడుతుంది. ఇది ఎవరికి తోచినట్టు వారు ఊదుకోవడమా? లెక్క తప్పకుండా ఊదవలసిన చోట, లెక్క వినబడకుండా ఊదడం.

ఆ లెక్క ఎవరు ఉంచుతున్నారో తెలుసుకోవాలంటే సాక్సఫోనును కాసేపు వదిలి పాల్ ఛేంబర్స్ బేస్ వినండి. బారుకు నాలుగు స్వరాలు, ఒక దెబ్బకొకటి, నడుస్తూ ఉంటుంది. పాట ఎక్కడ ఉన్నదో, తరువాత ఎటు మలుపు తిరుగుతుందో ఆ నడకే చెబుతుంది. తరువాత బ్లేకీ కుడిచేతి పళ్ళెం వినండి. బ్లేకీ అంటే పిడుగు అని పేరు. ఈ రికార్డులో ఆ పిడుగు ఎంత వినయంగా ఉన్నాడో చూడండి. మోబ్లీ ఒక వాక్యం ముగించేలోగా చిన్న దరువుతో తోసి, తరువాతి వాక్యానికి దారి ఇస్తాడు. మృదంగ విద్వాంసుడు గాయకుడి ఊపిరి కనిపెట్టి వాయిస్తే మెచ్చుకునే మన చెవులు దీనిని ఎందుకు వినలేవు? ‘దిస్ ఐ డిగ్ ఆఫ్ యూ’ అనే పాటలో మాత్రం అతడు తన వంతు తాను తీసుకుంటాడు. అదే పాటలో వింటన్ కెల్లీ పియానో వినండి. పిల్లవాడు మెట్లు దిగుతూ గెంతుతున్నట్టుంటుంది. ‘స్ప్లిట్ ఫీలింగ్స్’లో ఒక ముక్క లాటిన్ నడకలో, ఒక ముక్క స్వింగ్ నడకలో సాగుతుంది. రెండిటి మధ్య అతుకు వెతికి చూడండి. ఆరింటిలో నాలుగు మోబ్లీ సొంత రచనలు.

ఈ పద్ధతికి హార్డ్ బాప్ అని పేరు. 1950ల మధ్యలో, జాజ్ మరీ మేధావుల గదిలోకి పోతున్నదని కొందరు యువకులు దానిని తిరిగి తమ పేటకు తీసుకొచ్చారు. అందులో చర్చిలో ఆదివారం పాట ఉంది, బ్లూస్ ఉంది, చెమట ఉంది. దానికి పెద్ద బడి బ్లేకీ నడిపిన జాజ్ మెసెంజర్స్ బృందం. 1954, 55 నాటి ఆ తొలి బృందంలో మోబ్లీ ఉన్నాడు. తరువాత ముప్ఫై అయిదేళ్ళ పాటు లీ మోర్గాన్, వేన్ షార్టర్, ఫ్రెడ్డీ హబ్బర్డ్, వింటన్ మార్సాలిస్ వంటివారు అందులో చేరి, నేర్చుకుని, బయటికి వెళ్ళారు. గురుకులం అనే మాట మీద మనకే పేటెంటు ఉందని అనుకునేవారు ఈ సంగతి కాస్త గమనించాలి.

మోబ్లీ చదువు కూడా వినండి. పుట్టినది 1930లో జార్జియా రాష్ట్రంలో. పెరిగినది మన ఎలిజబెత్ పట్టణంలో. పదహారో ఏట జబ్బు చేసి నెలల తరబడి ఇంటి పట్టున ఉండవలసి వస్తే, పొద్దు పోవడానికి సాక్సఫోను కొనిపెడితే బాగుంటుందని వాళ్ళ బామ్మకు తోచింది. ఆమె పియానో వాయించేది. నూఆర్క్‌లో సంగీత పాఠశాలలో చేరబోతే, ఆ ఊరి నివాసి కాడని చేర్చుకోలేదు. ఇంట్లో కూర్చుని పుస్తకాలు చూసి నేర్చుకున్నాడు. ఇదే కథ మన తెలుగు విద్వాంసుడి గురించి అయితే, మన పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉండేవాళ్ళం!

మూడో ఆరోపణ, లేక మూడో మెప్పు. అంతా మన మనోధర్మమే, మన కల్పన స్వరాలే అన్నది.

ఇది మొదటి రెండింటికంటె ప్రమాదం. తిట్టినవాడు కనీసం ఎదుటివాడి వస్తువును ఎదుటివాడిదని ఒప్పుకుంటాడు. ఈ మెప్పు దానిని లాగేసుకుంటుంది. విమానం మనదే, అణుబాంబు మనదే అన్న వరుసలో ఇప్పుడు జాజ్ కూడా మనదే! పోలిక లేదని మేము అనడం లేదు. రెండు చోట్లా చట్రం ఉంది, ఆ చట్రంలో అప్పటికప్పుడు కల్పన ఉంది. కాని తేడా చిన్నది కాదు. మన సంగీతంలో ఆధార షడ్జం కచేరీ అంతా కదలదు. తంబుర దానిని నిలబెట్టి ఉంచుతుంది. ఇక్కడ కాళ్ళ కింది నేల బారుబారుకూ మారుతూ ఉంటుంది. మారే నేల మీద పడకుండా నడవడమే ఇక్కడి విద్య. నిలకడైన నేల మీద ఒకే రాగం లోతుకు దిగడం అక్కడి విద్య. ఒకటి తెలిసినవాడికి రెండవది దానంతట అది రాదు, కూర్చుని వినాలి. వినడానికి బద్ధకించి, అది మనదే అనడం ఔదార్యం కాదు, దొంగతనం.

ఇంతదాకా ఒప్పుకున్న మిత్రుడొకడు మరొక సందేహం లేవదీస్తాడు. సరే బాబూ, జాజ్ గొప్పదే, కాని మైల్స్ డేవిస్ అంటే విన్నాం, కోల్ట్రేన్ అంటే విన్నాం, ఈ మోబ్లీ ఎవరు? ఎన్నో ర్యాంకు?

ఈ ప్రశ్న కోసమే మోబ్లీని ఎంచుకున్నాం. లెనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు ఆయనను టెనర్ సాక్సఫోను మిడిల్ వెయిట్ ఛాంపియన్ అన్నాడు. నాదం మరీ బరువుగా ఉండదు, మరీ పలచగా ఉండదు, మధ్యలో గుండ్రంగా ఉంటుందని అతని భావం. మెచ్చుకోలుగానే అన్నాడు. లోకం మాత్రం రెండో తరగతి అని అర్థం చేసుకుంది. అది కోల్ట్రేన్ ‘జెయింట్ స్టెప్స్’ కాలం. ఆ రికార్డులో బేస్ వాయించినదీ ఈ పాల్ ఛేంబర్సే. అందులో ఒక పాటకు కోల్ట్రేన్ అతని పేరే పెట్టాడు. ఇంకో పక్క ఆర్నెట్ కోల్‌మన్ పాత చట్రాలే అక్కరలేదంటున్నాడు. ఆ హోరులో, అరవకుండా, తొందరపడకుండా, పూర్తి వాక్యాలలో మాట్లాడే మనిషిని ఎవరు పట్టించుకుంటారు? 1961లో మైల్స్ డేవిస్ బృందంలో కోల్ట్రేన్ ఖాళీ చేసిన చోట చేరాడు. జనం కోల్ట్రేన్ కోసం చెవులు పెట్టుకుని మోబ్లీని విన్నారు. వినలేకపోయారు. తరువాత బ్లూ నోట్ వారే మోబ్లీ రికార్డింగులు కొన్నింటిని బీరువాలో పెట్టి ఉంచారు. 1961 నాటిది 1985లో విడుదలైంది. 1966 నాటిది 1979లో. 1967, 1970 నాటివి 1980లో. వాయించే ఊపిరి ఉన్నప్పుడు చేసిన పని, వాయించే ఊపిరి పోయాక దుకాణానికి వచ్చింది. ఈనాడు ‘సోల్ స్టేషన్’ను హార్డ్ బాప్ ఉత్తమ రికార్డులలో ఒకటిగా అందరూ ఒప్పుకుంటున్నారు. ఆ ఒప్పుకోలుతో మోబ్లీకి ఒక్క పూట భోజనం రాలేదు.

మనకు ఇటువంటి బాధ తెలియదా? ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ నుంచి అరగంట ఉత్తరానికి వెళితే పెర్ల్ రివర్. అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో 1940 నుంచి 1948లో మరణించేదాకా పనిచేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలు మందు, ఇన్నింటి వెనక ఉన్న మనిషికి రావలసిన పేరు రాలేదని మనం ప్రతి సభలోనూ వాపోతాం. న్యాయమే. కాని మన ఆవేదన అన్యాయం మీదనా, లేక అన్యాయం మనవాడికి జరిగిందనా? మొదటిదే అయితే, ఆ పక్క ఊళ్ళోనే మోబ్లీకి జరిగినదానికి కూడా మనలో చీమ కుట్టినట్టయినా ఉండాలి. ర్యాంకుల పట్టికలో మొదటి పేరు తప్ప రెండో పేరు చదవని అలవాటు మనది. పిల్లల మార్కుల దగ్గర మొదలైన ఆ జబ్బు చెవులకు కూడా పాకింది.

ఇప్పుడు ఎవరూ పైకి అనని నాలుగో కారణం. అది నల్లవాళ్ళ సంగీతం. అసలు సంగతి ఇంతే. ఆ మాట అనేటప్పుడు మన గొంతులు తగ్గుతాయి. ఇల్లు కొనేటప్పుడు, స్కూలు వెతికేటప్పుడు, ‘మంచి ఏరియా’ అన్న మాటకు మనం చెప్పుకునే అర్థం మనకు తెలుసు. పియానో నేర్పిస్తాం, వయొలిన్ నేర్పిస్తాం, బాఖ్ అంటే గౌరవిస్తాం. సాక్సఫోను అనగానే వెనకాల ఒక నల్లని ముఖం కనబడుతుంది.

ఒక తారీఖు చెబుతాం. ‘సోల్ స్టేషన్’ రికార్డయినది 1960 ఫిబ్రవరి 7, ఆదివారం. అంతకు ముందు సోమవారం, ఫిబ్రవరి 1న, నార్త్ కరొలీనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవారికి మాత్రమే కేటాయించిన భోజనపు బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవలేదు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ వారమంతా ఆ బల్ల ముందు జనం పెరుగుతూనే ఉన్నారు. ఆ వారం చివరనే ఈ నలుగురు న్యూ జెర్సీలో వాయించారు. అక్కడ మొదలైన కదలిక నుంచి 1964 పౌర హక్కుల చట్టం వచ్చింది. ఆ ఊపులోనే, జాతిని బట్టి మనుషులను లెక్కపెట్టడం తప్పన్న అదే వాదంతో, 1965లో వలస చట్టం మారింది. అంతకు ముందు భారతదేశానికి ఏడాదికి వంద మంది కోటా. వంద! ఆ తలుపు తెరిచినవారు ఎవరు? మన డిగ్రీలా? మన ఇంగ్లీషా? ఆ బల్ల దగ్గర తిట్లు తిని కూర్చున్నవారి వీపుల మీదుగా మనం లోపలికి వచ్చాం. 1966లో మెడికేర్ డబ్బు కావాలంటే రంగును బట్టి వార్డులు విడదీయడం మానాలని ప్రభుత్వం పట్టుబట్టిన తరువాతనే ఈ దేశంలో ఎన్నో ఆస్పత్రులు మారాయి. మనం ఉద్యోగాలు చేస్తున్న ఆస్పత్రులు అవి.

వైద్య మిత్రులను ప్రత్యేకించి అడుగుతున్నాం. మనలో ఎందరం రెసిడెన్సీ చేసినది నగరాల నడిబొడ్డున ఉన్న ఆస్పత్రులలో? అక్కడ రాత్రి మూడు గంటలకు మన చేతికి ఒప్పుకుని చెయ్యి చాచి రక్తం తీయించుకున్నది ఎవరు? మన యాస అర్థం కాకపోయినా, “ఫరవాలేదు డాక్టర్, నిదానంగా చెప్పండి” అన్నది ఎవరు? వారి దేహాల మీద మన విద్య నేర్చుకుని, బోర్డు పరీక్షలు ప్యాసై, శివారులో ఇల్లు కొనుక్కుని, వారి సంగీతం మాత్రం మన పిల్లల చెవిన పడకూడదంటే దానిని ఏమనాలి? సంస్కృతి అనవద్దు. తెలుగులో దానికి కృతఘ్నత అనే పాత మాట ఉంది.

మన సంగీతం పిల్లలకు నేర్పించవద్దని మేము అనడం లేదు. త్యాగయ్యను నేర్పించండి. గట్టిగా నేర్పించండి. కాని ఒక సంగీతాన్ని ప్రేమించడానికి ఇంకొకదాన్ని అసహ్యించుకోవలసిన పని లేదు. పైగా, ఈ గడ్డ మీద పుట్టిన పిల్లవాడికి ఈ గడ్డ సంగీతం మీద హక్కుంది. మనం వద్దన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. మనకు తెలియకుండా తలుపేసుకుని వింటాడు, అంతే. అప్పుడు వాడు మనతో పంచుకోని వస్తువు ఇంకొకటి పెరుగుతుంది.

కార్యవర్గానికి మా కోరికలు మూడు. ఒకటి, దసరా సభలో ఆ పిల్లలకు పది నిమిషాలు ఇవ్వండి. సినిమా పాటలలో రెండు తగ్గిస్తే సరిపోతుంది. రెండు, సంఘం లైబ్రరీలో ‘సోల్ స్టేషన్’ ఒక ప్రతి కొని పెట్టండి. ఖర్చు ఎక్కువ అనుకుంటే మేమే కొనిస్తాం. మూడు, మన పిల్లలకు స్కూలు బ్యాండులో సాక్సఫోను నేర్పుతున్న నల్లజాతి మాస్టారిని ఆ సభకు పిలవండి. పిలిచి వెనక వరుసలో కూర్చోబెట్టకండి. ఇండియా నుంచి వచ్చే విద్వాంసులకు కప్పే శాలువా ఆయనకు కూడా కప్పండి. వాయించమని అడిగితే, వారికి ఇచ్చే పారితోషికమే ఆయనకూ ఇవ్వండి.

కాదన్నవారు కారణం రాసి ఇదే పత్రికకు పంపాలని మనవి. మొదటి మూడు కారణాలకు జవాబు చెప్పాం. నాలుగోది అయితే, సంతకంతో పంపండి.